విశ్వకిరణముల యపాదాన విచారము

విశ్వకిరణములు, అనఁగా కాస్మిక్ కిరణములు, ఎక్కడినుండి వచ్చుచున్నవను ప్రశ్నకు మన పాఠశాలా పుస్తకములు సాధారణముగా నొక్క వాక్యముతో సమాధానము చెప్పి ముగించును: నక్షత్రములు ప్రేలిపోవుటచేఁ బుట్టి యచటినుండి వచ్చునని. ఈ వాక్యము అసత్యము కాదు. కాని యిందలి ‘నుండి’ యను నొక్క ప్రత్యయము వేఱువేఱు ప్రశ్నలను గప్పిపుచ్చుచున్నది. వానిలో నొకదానికి మాత్రమే, అందును గొంత భాగమునకు మాత్రమే, 2013లో నిశ్చితమైన ప్రమాణము దొరకినది. ఆ ప్రమాణమెట్టిది, దానికి నూఱేండ్ల కాలమేల పట్టినది, ఈ చరిత్రలో మన తెలుఁగు నేలకును తెలుఁగువారికిని గల పాలెంత యనునది యిచట విచారింపఁబడును.

ముందుగా నామమును గూర్చి. ‘కిరణ’ శబ్దమిచట యౌగికము కాదు, రూఢము. ఇవి వెలుఁగు రేకలు కావు. విద్యుదావేశము గల కణములు. నూటికి సుమారు తొంబది ప్రోటానులు, తొమ్మిది హీలియము కేంద్రకములు. తక్కినవి యినుము మొదలగు బరువైన కేంద్రకములును, ఎలక్ట్రానులును. ఇవి మన వాయుమండలపు పైపొరలందలి పరమాణువులను ఢీకొని, చిన్న కణముల జల్లుగా మాఱి నేలకు దిగును. ఆ జల్లులో మనవఱకుఁ జేరునవి ముఖ్యముగా మ్యూఆనులు. మాడుగులలో బడి పంచను నిలిచి యరచేయి వెల్లకిలఁ జాఁచిన బాలునకుఁ దెలియకయే, సెకనునకు సుమారొకటి చొప్పున మ్యూఆనులాతని చేతిని దూఱి నేలలోనికిఁ బోవుచుండును. కణములని తేలిన తరువాతఁ గూడ ‘కిరణ’మను పేరు నిలిచిపోవుటకుఁ గారణమొక పొరపాటు. ఆ పొరపాటే యీ చరిత్రకు మొదలు.

(సూర్యుని కిరణములను గూర్చిన వేదవాక్యములలో నీ విషయమంతయు నున్నదని సభలలోఁ జెప్పు పండితులు మనలోఁ గొందఱు గలరు. కొలిచి చూడని దానిని గనుఁగొంటిమని చెప్పికొనుట శాస్త్రమునకును మేలు గాదు, వేదమునకును గౌరవము గాదు.)

ఇరువదవ శతాబ్దారంభమున విద్యుద్దర్శిని యను పరికరము, ఎంత గట్టిగా మూసి పెట్టినను, మెల్లమెల్లగాఁ దన విద్యుత్తును గోల్పోవుచుండుట శాస్త్రజ్ఞుల కొక చిక్కుగా నుండెను. నేలలోని రేడియము మొదలగు ద్రవ్యములనుండి వెలువడు గామాకిరణములే దీనికి హేతువని తలంచిరి. అట్లయినచో నేలను విడిచి పైకిఁ బోయినకొలఁది యీ నష్టము తగ్గవలెను. థియోడార్ వుల్ఫ్ అను జెసూయిట్ గురువు 1910లోఁ బారిసునందలి యీఫిల్ గోపురముపైఁ గొలిచి చూడఁగా, తగ్గినది గాని తగ్గవలసినంత తగ్గలేదు. 1912 ఆగస్టు 7వ తేదీని విక్టర్ హెస్ అను ఆస్ట్రియా దేశీయుఁడు బెలూనులో 5,350 మీటర్ల యెత్తున కెగసెను. అచట నష్టము తగ్గుటకు మాఱుగా నేలపైకంటె రెట్టింపును మించి యుండెను. ఆ యేఁటనే యేప్రిల్ 17వ తేదీని సూర్యగ్రహణ సమయమున నెగసి చూచి, గ్రహణముచే నే మార్పును గలుగమి గని, సూర్యుఁడు దీనికి ముఖ్యకారణము గాఁడని యాతఁడంతకుముందే గ్రహించి యుండెను. పైనుండి, సూర్యునికంటె నావలి నుండి, ఏదియో వచ్చుచున్నదని తేలినది. ఈ కృషికై యాతనికి 1936లో నోబెల్ బహుమాన మీయఁబడెను.

‘కాస్మిక్ కిరణము’లను పేరు పెట్టినవాఁడు అమెరికా దేశపు రాబర్ట్ మిలికన్. అది 1925వ సంవత్సరము. నాఁటి కెఱుఁగఁబడిన వానిలో దట్టమైన వస్తువులనుగూడఁ దూఱిపోఁగల శక్తి గామాకిరణములకే మిక్కిలి గలదు. కాఁబట్టి యివి గామాకిరణములలోఁ దీవ్రతరమైన యొక జాతి యని యాతఁడు నిశ్చయించుకొనెను. అంతరాళమందుఁ దేలికపాటి పరమాణువులు కూడి బరువైనవి యేర్పడునపు డీ కాంతి వెడలునని యాతని యూహ. అందమైన యూహయే, కాని నిలువలేదు. గామాకిరణమునకు విద్యుదావేశము లేదు. లేనిదానిని భూమి యయస్కాంతశక్తి వంపఁజాలదు. కాఁబట్టి యీ కిరణములు ధ్రువప్రాంతమునను, భూమధ్యరేఖకడను సమముగానే యుండవలెను. హాలెండు దేశీయుఁడైన జేకబ్ క్లే 1927 మొదలు జావాకును స్వదేశమునకును నడుమ నోడలలోఁ బ్రయాణించుచుఁ గొలువఁగా, భూమధ్యరేఖను సమీపించినకొలఁది యివి తగ్గినవి. 1929లో బోతే, కోల్‌హార్‌స్టర్ అను జర్మనులు రెండు గణకయంత్రముల నడుమ 4.1 సెంటీమీటర్ల మందపు బంగారు దిమ్మ నుంచి, దాని నీఁగి పోవునది యావేశము గల కణమే యని సూచించు ఫలితమును గాంచిరి. 1932లో ఆర్థర్ కాంప్టన్ ప్రపంచపు నలుమూలలఁ గొలిపించి క్లే మాటను స్థిరపఱచెను. మిలికన్‌కును గాంప్టన్‌కును నప్పుడు జరిగిన వాదము మన ద్వైతాద్వైత వాదములకుఁ దీసిపోవునది గాదు. కడకు మిలికన్ పక్షము వీఁగిపోయెను. అయినను ఆతఁడు పెట్టిన పేరు మాత్రము నిలిచెను.

ఓడిన మిలికనే 1939-40 శీతకాలమున నెహర్, పికరింగ్ అను వారితోఁ గూడి భారతదేశమునకు వచ్చి, పెషావరు, ఆగ్రా, బెంగుళూరుల నుండి బెలూనుల నెగురవేసెను. ఆతఁడు మన దేశమునకేల రావలసి వచ్చెనో తెలిసినచో, తరువాత హైదరాబాదున జరిగినదంతయు సుబోధమగును.

భూమి యొక పెద్ద యయస్కాంతము. దాని బలరేఖలు భూమధ్యప్రాంతమున నేలకు సమాంతరముగా, పైనుండి వచ్చు కణములకడ్డముగా నుండును. ఆవేశము గల కణము ఆ యడ్డును దాఁటి రావలెనన్నచో నెక్కువ బలము గలదై యుండవలెను. బలహీనమైనవి వంగి వెనుకకుఁ బోవును. ధ్రువముల దగ్గర నీ యడ్డు లేదు. చిన్నవియుఁ బెద్దవియుఁ గలసి దిగును. అనఁగా భూమి యొక జల్లెడ. దాని కన్నులు చోటుచోటుకు మాఱును. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతము మీఁదుగాఁ బోవుటచే మన దేశమున నీ జల్లెడ లోకమునందలి మిగులఁ గట్టుదిట్టమైన వానిలో నొకటి. హైదరాబాదుపై నిట్టనిలువుగా దిగఁగోరు ప్రోటానునకు సుమారు 17 వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యుండవలెను. అంతకుఁ దక్కువ గలది యిచట వాయుమండలమునే చేరదు. మాడుగులకును హైదరాబాదునకును నక్షాంశ భేదము సుమారు అర డిగ్రీయే గావున, పైఁ జెప్పిన బడిపిల్లవాని యరచేతికిఁ గూడ నించుమించుగా నీ జల్లెడయే కాపు.

విశ్వకిరణములను లెక్కింపఁగోరువాని కిది లోపముగాఁ దోఁచును. గామాకిరణములను వెదకువాని కిదియే వరము. గామాకిరణము నయస్కాంతము వంపదు గాన నది జల్లెడను లెక్కసేయక దిగును; దానిని మఱుగుపఱచు కణముల గుంపు మాత్రము తగ్గును. తిరునాళ్ళలో నొక గొంతును వినఁగోరువానికి జనము పలుచనగుట యెట్టిదో యిదియు నట్టిది. 1960-70 దశాబ్దమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదు నుండి ప్లాస్టిక్ బెలూనులను బంపి, ఛాయాగ్రాహక ద్రవ్యము పూసిన దట్టమైన పలకలలో నెలక్ట్రానుల జాడలను బట్టిరి. ఆర్. ఆర్. డేనియల్, ఎస్. ఏ. స్టీఫెన్సు మొదలగువారి యెలక్ట్రాను గణనములు లోకమున నాదృతములైనవి. ఆ దశాబ్దపు చివరను హైదరాబాదునందు బెలూనుల కొక స్థిరకేంద్ర మేర్పడెను. ఇచటి బెలూనులు 40 కిలోమీటర్ల యెత్తునకుఁ బోవును. అచట వాయుమండలములో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు క్రిందనే యుండిపోవును. పని ముగిసిన పిదప పరికరములు గొడుగువంటి గుడ్డకు వ్రేలాడుచు జొన్నచేలలోనో ప్రత్తిచేలలోనో దిగును. వానిని విప్పవలదని, చూచినవారు తెలియఁజేయవలసినదని ముందుగాఁ బ్రకటనలిచ్చుట యాచారము. ఆకాశమునుండి తన చేనిలో నేమి పడెనో యని రైతు బెదరుట సహజమే.

ఇప్పు డసలు చిక్కునకు వత్తము. విశ్వకిరణములు కణములని తేలుటతోడనే వాని పుట్టుకచోటు కనుమఱుఁగైనది. పాలపుంతయంతటను బలహీనమైన యయస్కాంతక్షేత్ర మావరించియున్నది. ఆవేశము గల కణము దానిలో వంగుచు, త్రిప్పఁబడుచు, మనలను జేరులోపల సుమారు కోటిన్నర సంవత్సరములు తిరుగాడును. అది వచ్చిన దిక్కునకును పుట్టిన దిక్కునకును సంబంధము లేదు. కమ్మ చేతికందినది; పంపినవాని యూరి ముద్ర మాత్రము చెఱిగిపోయినది.

ముద్ర చెఱుగని సాక్షి యొకటి కావలెను. 1952లో జపాను దేశీయుఁడైన హయకవ, 1958లో ఫిలిప్ మారిసన్ ఇట్లు చూపిరి: వేగముగాఁ బోవు ప్రోటాను అంతరాళమందలి వాయువులో నొక కేంద్రకమును ఢీకొన్నచో తటస్థ పయాను అను నల్పాయుష్కమైన కణము పుట్టును, అది వెంటనే విఱిగి రెండు గామాకిరణములగును. గామా వంగదు. అది వచ్చిన దిక్కే యా తాఁకిడి జరిగిన దిక్కు. ఈ విధముగా, విశ్వకిరణములు గామాకిరణములే యనిన మిలికన్ వాదము వీఁగిపోయిన యిరువదియేండ్లకు గామాకిరణములే సాక్షులై సభకు మరలి వచ్చినవి. ఈ చరిత్రమంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్ట మిది.

గామాకిరణములు మనకుఁ గ్రొత్త గావు. గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందుఁ గేంద్రక భౌతిక పరిశోధనశాల నెలకొల్పి, రేడియోధార్మిక ద్రవ్యముల బీటా, గామా కిరణములను గొలిపించెను. కాని యాకాశపు గామా నేలకు దిగదు. వాయువు దానిని మ్రింగివేయును. ఉపగ్రహము కావలసివచ్చెను. 1967-68లో ఓయస్సో-3 అను నుపగ్రహము పాలపుంత పొడవునను గామాకాంతి యుండుటఁ గనుఁగొనెను. 1972, 1975లలో మఱి రెండు వెడలెను. 2008 జూన్ 11వ తేదీని ఫెర్మీ యను గామా దూరదర్శిని పైకిఁ బోయెను.

సాక్షి దొరకినంతనే వ్యవహారము తీఱలేదు. ఇచట నైయాయికులకుఁ బరిచితమైన దోషమొకటి యడ్డుపడినది. ‘ఇచటఁ బ్రోటానులు వేగమందుచున్నవి, గామాకాంతి కనఁబడుటవలన’ నను ననుమానములో హేతువు అనైకాంతికము. ఏలయన ఎలక్ట్రానులును గామాకాంతిని బుట్టింపఁగలవు. నక్షత్రముల వెలుఁగు రేణువులను దన్ని గామాలుగాఁ జేయఁగలవు. మాడుగుల కొండలపైఁ బోడు కాల్చినపుడు పొగ లేచును. మార్గశిరమున నుదయమునఁ గనఁబడునది మంచు. దూరమునుండి చూచువానికి రెండును నొకటే తెలుపు. అందుచేతనే పూర్వులు పొగను హేతువుగాఁ జెప్పునపుడు ‘మూలము తెగని పొగ’ యని విశేషణము చేర్చిరి. గామాకాంతికిని అట్టి విశేషణము కావలసియుండెను.

అది పయాను జన్మలోనే యున్నది. నిలుకడగా నున్న తటస్థ పయాను విఱిగినచో నొక్కొక్క గామాకు సరిగా 6.75 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వచ్చును. ప్రోటాను ఎంత వేగము గలదైనను ఈ మూలసంఖ్య పోదు. కాఁబట్టి ప్రోటానులు పుట్టించిన గామాకాంతి 20 కోట్ల వోల్టులకు దిగువను నిటారుగా దిగజాఱును. ఎలక్ట్రానుల కాంతికి సహజముగా నిట్టి పతనము లేదు. ఫెర్మీ దూరదర్శినివారు నాలుగేండ్ల పరిశీలనముల ఫలితముగా 2013 ఫిబ్రవరిలో రెండు విస్ఫోటశేషములం దీ పతనమును జూపిరి. మిథునరాశిలోని ఐసీ 443 ఒకటి. శ్రవణ నక్షత్రము గల గరుడమండలమందలి డబ్ల్యు 44 రెండవది. అంతకు 79 ఏండ్ల క్రిందట, 1934లో, బాడే, జ్వికీ యనువారు ప్రేలిన నక్షత్రములే విశ్వకిరణములకుఁ గారణమని యూహించియుండిరి. లెక్కయు సరిపోవుచుండెను: పాలపుంతలో శతాబ్దమునకు రెండు మూఁడు చొప్పున జరుగు విస్ఫోటముల శక్తిలోఁ బదవపాలు చాలును. విస్ఫోటమునుండి దూసికొని పోవు తరంగము ముంగట కణములు మాటిమాటికిఁ దాఁకి బలము పుంజుకొను విధమును 1977-78లో పలువురు వేఱువేఱుగాఁ జూపిరి. కాని లెక్క సరిపోవుట వేఱు, సాక్ష్యము పలుకుట వేఱు. 2013లో సాక్ష్యము పలికినది.

ఇంతవఱకు పాఠశాలా పుస్తకముల వాక్యము నిలిచినట్లే. ఇప్పుడు ‘నుండి’ యను దానిని విప్పిచూతము. పాణిని యపాదాన సంజ్ఞను పెక్కు విధములుగా విధించెను. వస్తువు దేనిని విడిచి తొలఁగునో యది యొకటి. జన్మించు వస్తువునకుఁ బ్రకృతి, అనఁగా నుపాదానము, మఱియొకటి; పేడనుండి తేలు పుట్టునను లోకోక్తి దీని కుదాహరణము. ప్రభవము, అనఁగా వస్తువు మొట్టమొదటఁ గనఁబడు చోటు, వేఱొకటి; హిమవంతమునుండి గంగ వెడలుట దీని కుదాహరణము. హిమవంతము గంగను జేసిన పదార్థము గాదు. ఈ వివేకము వ్యాకరణమునకే పనికివచ్చునని నేను యౌవనమునఁ దలంచియుంటిని.

విశ్వకిరణముల ప్రకృతి యేది? ఆ ప్రోటానులును, ఆ కేంద్రకములును ప్రేలిన నక్షత్రము కడుపులోనివేనా? 1997లోఁ బంపఁబడిన ఏస్ అను నంతరిక్షనౌక దీనికి జవాబు చెప్పినది. విస్ఫోటమునఁ బుట్టు నికెలు-59 అను జాతి, చుట్టు నెలక్ట్రానులున్నచో 76 వేల యేండ్లకు సగము చొప్పునఁ గోబాల్టుగా మాఱును. వేగము పొంది యెలక్ట్రానులు రాలిపోయినచో నిఁక మాఱదు. విశ్వకిరణములలో నికెలు-59 అడుగంటియున్నది, కోబాల్టే యున్నది. అనఁగా నీ కేంద్రకములు పుట్టిన పిదప కనీసము లక్ష యేండ్లు ఊరకయుండి, తరువాతనే తఱుమఁబడినవి. ఈ ఫలితము 1999లోఁ బ్రకటింపఁబడినది. కాఁబట్టి యవి తమ్ముఁ గన్న విస్ఫోటముచేఁ దఱుమఁబడినవి గావు. ముందెప్పుడో చచ్చిన నక్షత్రముల బూడిదయు, అంతరాళమందలి వాయుధూళియుఁ గలసి, వేఱొక విస్ఫోటముచేఁ దఱుమఁబడినవి. విస్ఫోటము వీనికిఁ బ్రభవము, ప్రకృతి గాదు. ‘పుట్టి వచ్చు’ నను క్రియ యిందుచేతనే మోసము చేయుచున్నది. ‘బలము పొంది వెడలు’ నని పుస్తకములలో దిద్దినఁ జాలును.

అదియు నన్ని కిరణములకుఁ జెల్లదు. సుమారు 3,000 లక్షల కోట్ల వోల్టులకడ, విశ్వకిరణముల సంఖ్య యొక్కసారి తగ్గుముఖము పట్టును, దానిని మోఁకాలందురు. పైఁ జెప్పిన రెండు శేషములును అంతటి బలమిచ్చుచున్నట్లు ఫెర్మీ చూపలేదు. 2021లో చైనా దేశపు లాసో పరిశోధనశాలవారు 4,410 మీటర్ల పీఠభూమిపై నుండి పండ్రెండు చోట్ల మహాగామాలను గాంచిరి. హంసమండలపు దిక్కునుండి వచ్చిన యొక గామా 1,400 లక్షల కోట్ల వోల్టులది. ఆ దిక్కున నున్నది బలిష్ఠములైన యువనక్షత్రముల గుంపు. విస్ఫోటశేషములకంటె నిట్టి నక్షత్రముల గాలులే మోఁకాలి ప్రాంతపు కణములకు నెలవేమో యను పక్షము నేఁడు బలపడుచున్నది. తీర్పింకను రాలేదు.

ఈ మహాగామాలు వాయుమండలముపైఁ బడునపుడు నీలికాంతి క్షణమాత్రము మెఱయును. దానిని నేలపై నద్దములతోఁ బట్టుదురు. లడఖులోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల యెత్తున, 21 మీటర్ల వెడల్పు గల మేస్ దూరదర్శిని 2024 అక్టోబరు 4వ తేదీని బ్రారంభింపఁబడెను. దానిని భాభా పరమాణు పరిశోధన కేంద్రమునకై నిర్మించినది హైదరాబాదునందలి ఈసీఐఎల్. ఆ సంస్థను 1967లో స్థాపించిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమగోదావరి మొగల్లున జన్మించి, టాటా సంస్థలో విశ్వకిరణ శాఖయందే తన యుద్యోగ మారంభించినవాఁడు. హైదరాబాదు ప్రజల కాతఁడొక కాలనీ పేరుగానే తెలియును.

గామావలెనే వంగని సాక్షి యింకొకటి గలదు, న్యూట్రినో. ఎలక్ట్రాను కాంతిచేఁ బుట్టదు గాన దీనికి నైకాంతికత్వ దోషము లేదు. తాఁకిడి జరిగినచోటనే పుట్టును. తెలుఁగు, తమిళ కూలీలు త్రవ్విన కోలారు బంగారు గనులలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా సంస్థవారు ఒసాకా, డర్హామ్ విశ్వవిద్యాలయములవారితోఁ గూడి 1965లో, విశ్వకిరణములు మన వాయుమండలమునఁ బుట్టించు న్యూట్రినోలను మొదటిసారి కాంచిరి. ఆ గనులు 2001లో మూఁతపడినవి. పాలపుంతనుండియే వచ్చు న్యూట్రినోలను దక్షిణధ్రువపు మంచులోని ఐస్‌క్యూబ్ 2023లోఁ జూపినది.

ఇఁక మిక్కిలి బలిష్ఠములైన కిరణములమాట. అవి పాలపుంతకు వెలుపలినుండి వచ్చునని 2017లో అర్జెంటీనా యందలి పియర్ ఆజే పరిశోధనశాల తేల్చినది. 2021 మే నెలలో అమెరికాయందలి యూటాలో నొక కణము దిగినది. జపానువారు దానికి అమతెరాసు అను సూర్యదేవత పేరు పెట్టిరి. అది యంత బలము గలది గాన మిక్కిలిగా వంగియుండదు. అది వచ్చిన దిక్కును వెనుకకుఁ జూచుకొని పోఁగా, అచట నక్షత్రసమూహములే లేని శూన్యప్రదేశము గనఁబడినది.